దీపాలవేళ బుధుడు

వరంగల్ మట్టెవాడలో మూడు తరాల బట్టల వ్యాపారం మాది. పెళ్లిళ్ల సీజన్‌లో, సాయంత్రం గిరాకీ ఊపు మీద ఉండగా, సొంత షాపును పనివాళ్ల మీద వదిలేసి ఎదురుగా ఉన్న గిన్నెల దుకాణం గల్లా మీద పోయి కూర్చున్న మొనగాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. మా తాత చెయ్యలేదు, మా నాన్న చెయ్యలేదు. వాళ్లకంత గుండె ఎక్కడిది? ఆ సాయంత్రం ఒక పెళ్లివారి గుంపు మా షాపు మెట్లెక్కింది, నా మొహం కనపడక దిగింది, పక్క షాపులోకి పోయి ఇంటిల్లిపాదికీ బట్టలు తీసింది. వాళ్లు సంచులు మోసుకుంటూ బయటికి రావడాన్ని నేను బిందెల మధ్య కూర్చుని, సినిమాకు బాల్కనీ టికెట్ కొనుక్కున్నవాడిలా తీరిగ్గా చూశాను. ఇంత ఘనకార్యం ఒక గ్రహం కోసం. నా జాతకంలో ఉన్నది కాదు, ఆకాశంలో తిరిగేది. పోనీ, చూడాల్సింది నేనా అంటే అదీ కాదు.

ఆ గల్లా అసలు మనిషి, గిన్నెల దుకాణం యజమాని, ఈ చలికాలంలో పోయాడు. పోయిన వారం మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో, జీఎస్టీ గోడుకూ గుడ్ మార్నింగ్ పూలకూ మధ్య, ఎవరో ఒక ముక్క పెట్టారు. ఈ నాలుగు రోజులూ సూర్యాస్తమయం తర్వాత పడమట బుధగ్రహం కనిపిస్తుందట. కింద ఒకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన 'వ్యాపారానికి మంచిదేనా' అని అడిగాడు. నేను తలెత్తి ఎదురుగా చూశాను. షట్టర్ దించి ఉంది.

ఆయన్ని నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికం లేదు. రోజంతా ఎదురెదురుగా కూర్చునేవాళ్లకు ఏదో ఒక వరస ఉండాలి కదా, లేకపోతే తిట్టుకోవడానికి వీలుండదు.

మాట్లాడే ముందు చేతికి అందిన గిన్నెను వేలి కణుపుతో ఒక్కసారి కొట్టడం ఆయనకు అలవాటు. అది మోగడం ఆగేదాకా ఆగి, అప్పుడు నోరు తెరిచేవాడు. ధర చెప్పాలన్నా అంతే, పరామర్శించాలన్నా అంతే. మా నాన్న పోయినప్పుడు మా ఇంటికి వచ్చి, కొట్టడానికి ఏమీ దొరక్క, చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని వెళ్లాడు.

మా గల్లీ ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. రెండు వైపులా మూడంతస్తులు లేచాక పైన మిగిలిన ఆకాశం ఒక చీర వెడల్పంత. రాత్రి దుకాణాలు కట్టేశాక ఆయన వాకిట్లో స్టూలు వేసుకుని, ఆ చీరను కొస నుంచి కొసకు పరిశీలించేవాడు. గ్రహాలు తూర్పున పుట్టి పడమటికి పోతాయి కాబట్టి ప్రతిదీ ఏదో ఒక వేళకు మా గల్లీని అడ్డంగా దాటాలి. దాటేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపు కోసం ఆయన కూర్చునేవాడు. వాటి గురించి చెప్పే తీరు మాత్రం గిరాకీ గురించి చెప్పినట్టే ఉండేది.

"గురుడు ఇయ్యాల తొందరగనే వచ్చిండు. నిన్నటికన్న జర ముందే."

"ఏం కొన్నడు మామా?"

"ఏం కొనలే. చూసి పోయిండు. నీ షాపుకచ్చే ఆడోళ్ల లెక్క."

మేడారం జాతరలో ఒక దుప్పటి మీద పరిచి అమ్ముతుంటే బైనాక్యులర్ ఒకటి కొన్నాడు. బేరం నేనే చేశాను. ఒక కంటికి మసకగా ఉందని పట్టుకుని, ఒక కన్నుకే డబ్బులిస్తామని సగానికి దింపాను. ఆ విజయం నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆయన చాలా ఏళ్లు ఒక కన్ను మూసుకునే చూశాడు.

చెయ్యి బారుగా చాపి, పిడికిలి బిగించి, ఒంటికన్నుతో దాని మీదుగా చూడటం ఇంకో అలవాటు. చాపిన చేతి చివర పిడికిలి ఆకాశంలో పది డిగ్రీలు ఆక్రమిస్తుందని ఎక్కడో చదివాడు. రెండు చుక్కల మధ్య ఎన్ని పిడికిళ్లో కొలిచేవాడు. ఒకసారి షట్టర్ దించే వేళకు వచ్చిన ఒకామె, చెంబు ధర తగ్గించమని అడిగి తలెత్తేసరికి ఈయన పిడికిలి ఆమె నెత్తి మీద ఉంది.

"ఏంది సేటూ, బేరమాడితే గుద్దుతవా?"

"నిన్ను కాదమ్మా, అంగారకున్ని కొలుస్తాన్న."

"గాయన గూడ బేరమాడిండా?"

మా మేడ మీది నీళ్ల ట్యాంకు ఆయనకు పగవాడు. "అల్లుడా, నీ ట్యాంకు జర పక్కకు జరుపు. శని దానెనుక ఇరుక్కున్నడు" అని ఫోన్ చేసేవాడు. శని తనే జరుగుతాడు కదా, ట్యాంకును ఎందుకు జరపడం అంటే, "ఆయన జరిగేటాళ్లకు నాకు నిద్రొస్తది" అనేవాడు. శని మీద ఆయనకు వ్యాపార సంబంధమైన చిన్నచూపు ఉండేది. గిన్నెలు తూకానికి అమ్మే మనిషి. శనిగ్రహం నీళ్లకన్నా తేలికని, అంత పెద్ద నీళ్లు దొరికితే అందులో వేస్తే తేలుతుందని తెలిసిన రోజు నా షాపులోకి వచ్చి మరీ చెప్పాడు. "చూస్తే గంగాళమంత. కాంటా మీద పెడితే ప్లాస్టిక్ డబ్బా. గది సాలదని సుట్టూ రింగొకటి! మా లైన్ల గిట్లాంటి మాల్ అమ్మితే గిరాకీ తెచ్చి మొహం మీద కొడ్తరు." ఏలినాటి శని పట్టిందని, దానం ఇవ్వడానికి ఇనుప మూకుడు కావాలని ఎవరైనా వస్తే, "ఆయన గంత దూరంల కూసున్నడు బిడ్డా, ఆయన దుకాణమే ఆయనకు సరిపోతలేదు, నీ జోలికెందుకొస్తడు" అని ధైర్యం చెప్పేవాడు. ధైర్యం చెప్పి మూకుడు కూడా అమ్మేవాడు.

ప్రశ్నలు అడిగేవాడు. జవాబులు నా దగ్గర ఉండవని తెలిసే అడిగేవాడు. గురుడి మీద నేలే లేదట కదా, మరి అక్కడ దిగినవాడు మొదటి కాలు ఎక్కడ పెట్టాలి? శుక్రుడి మీద ఒక పగలు మన లెక్కలో దాదాపు రెండు నెలలు సాగుతుందట, అక్కడ దుకాణం ఎప్పుడు కట్టెయ్యాలి? ఈ రెండో ప్రశ్న అడిగినప్పుడు ఆయన నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే ఆయన గల్లా సంగతి చెప్పాలి. దీపాలు పెట్టే వేళ గల్లా ఖాళీగా ఉండకూడదు, దుకాణం యజమాని అక్కడ కూర్చుని ఉండాలి. మా బజారులో అందరం పాటిస్తాం, అంటే పాటిస్తున్నామని చెప్పుకుంటాం. కొడుకునో తమ్ముణ్ణో కూర్చోబెట్టి పోతాం. ఆయన మాత్రం తండ్రి దుకాణం అప్పగిస్తూ చెప్పిన మాటను అక్షరాలా పట్టుకున్నాడు. సూర్యుడు దిగే ముందు వచ్చి కూర్చుంటే చీకటి చిక్కబడేదాకా లేచేవాడు కాదు. సాయంత్రం పూట జరిగే ఏ పెళ్లికీ పోలేదు. సొంత కూతురి పెళ్లి విందు మధ్యాహ్నం పెట్టించాడు. "లక్ష్మి వస్తదని నమ్ముతవా మామా?" అని అడిగితే, "ఇప్పుడు ఆమె గూడ ఫోన్‌పే చేస్తాంది, రావుడెందుకు?" అనేవాడు. కానీ లేచేవాడు కాదు.

బుధుడు కనపడేది సరిగ్గా ఆ వేళే. సూర్యుడి పక్కనే తిరుగుతాడు కాబట్టి రాత్రి మా గల్లీ మీదికి ఎన్నడూ రాడు. సూర్యుడు దిగాక పడమటి అంచున కాసేపు ఉండి తనూ దిగిపోతాడు. అదీ ఏడాదిలో కొన్ని రోజులే. చూడాలంటే పడమర తెరిపిగా ఉన్న చోటికి, దీపాల వేళకు పోయి నిలబడాలి. ఆయన మిగతావాళ్లందరినీ చూశాడు. శుక్రుడు మర్యాదస్తుడు, దుకాణం కట్టేసి మేడ ఎక్కేదాకా ఆగేవాడు. కంటితో చూడగల గ్రహాల్లో బుధుడొక్కడే మిగిలిపోయాడు.

"తెల్లారగట్ల తూర్పున గూడ కనపడ్తడంట గదా. పొద్దుగాల పో" అన్నాను ఒకసారి. నాకు వచ్చిన తెలివైన ఆలోచనల్లో అదొకటి.

ఆయన పళ్లెం మీద కణుపుతో కొట్టాడు. "పొద్దటిది వద్దు. చూస్తే సాయంత్రపోన్నే చూడాలె."

ఉచితంగా ఇచ్చేదాన్ని వద్దని, దొరకనిదాన్నే కావాలనే గిరాకీలను నేను చాలామందిని చూశాను. సాధారణంగా వాళ్లకు చీర మీద ధ్యాస ఉండదు, ఇంకేదో ఉంటుంది. ఆ మాట నాకప్పుడు తట్టి ఉంటే ఈ కథ లేదు.

నాకు తట్టింది వేరు. ఆయన పెద్ద పెద్ద ఇత్తడి కాగులు రోడ్డు మీదికి పేర్చేవాడు. అటు నుంచి వచ్చేవాళ్లకు నా షాపు షోకేసు అద్దం కనపడేది కాదు. ఏళ్లుగా పోట్లాట. ఆ సీజన్‌లో ఆయన మళ్లీ బుధుడి మాట ఎత్తగానే నా బుర్ర పని చేసింది.

"నీ గల్లా మీద నేను కూసుంట మామా. నువ్వు కాజీపేట పో. రైల్వే బ్రిడ్జి ఎక్కి నిలబడు, పడమర మొత్తం సాఫ్‌గ ఉంటది. నా షరతొక్కటే. రేపటి సంది కాగులు లోపల పెట్టాలె."

"సరే" అన్నాడు.

గిన్నె కొట్టలేదు. తిరిగి బేరమాడలేదు. ఒక్క కాగైనా బయట ఉంచుకుంటాననలేదు. మొదటి ధరకే ఒప్పుకున్నవాడు ఆ సరుకు కోసం చచ్చిపోతూనైనా ఉండాలి, కొనే ఉద్దేశం లేకుండానైనా ఉండాలి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని నాకు తెలియదు.

మా ఆవిడకు చెబితే, "సీజన్ల మంది దుకాణంల కూసుంటవా? నీకు గిట్ల గాలి సోకిందా?" అంది. కాగులు పోతాయన్నాను. "అయితే కూసో" అంది. మాది వ్యాపార కుటుంబం.

ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, బైనాక్యులర్ గుడ్డసంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కాడు. ఎక్కి మళ్లీ దిగి, దీపం వత్తి ఎక్కడుందో చూపించాడు. మళ్లీ ఎక్కి, "జర పైలం" అన్నాడు. గల్లా గురించో నా గురించో తెలియలేదు. నేను దీపం వెలిగించి ఆయన పరుపు మీద కూర్చున్నాను. అక్కడ నుంచి ఏం కనిపిస్తుందో అప్పుడే మొదటిసారి చూశాను. ఎదురుగా నా షాపు, నా అద్దం, నా పేరు. అంతే. తల ఎంత వంచినా ఆకాశం కనపడదు. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం ఆయన చూసింది నన్నే.

నా షాపు ముందు జరిగిన అనర్థం ముందే చెప్పాను. దాని దుఃఖంలో ఉండగానే ఈ దుకాణంలోకి కూడా వేరే పెళ్లివారు దిగారు. బిందెలు, తాంబాళాలు, గంగాళం, అన్నీ ఇత్తడివి కావాలట. వచ్చిన గిరాకీని పంపించే చెయ్యి కాదు నాది. ధర తెలియదు. ఆయనకు ఫోన్ చేశాను.

"మామా, ఇత్తడి బిందె కిలో ఎట్ల ఇస్తున్నవు?"

టక్కున చెప్పాడు. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి. "కనపడ్డడా?" అని అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు. నేను బిందెలు కాంటా ఎక్కించి, పెళ్లికొడుకు మేనమామతో బేరంలో పడ్డాను. అది ఒక కొలిక్కి రాకముందే గుమ్మం ముందు తెల్లచొక్కా కనపడింది.

కాజీపేట నుంచి మట్టెవాడకు ఆ వేళ, హన్మకొండ చౌరస్తా దాటుకుని రావాలంటే, ఎంత తొందరపెట్టినా అరగంటకు తక్కువ పట్టదు. బుధుడు కనపడాల్సిన సమయం ఇప్పుడే మొదలైంది. అంటే ఈయన బ్రిడ్జి మీద సూర్యుణ్ణి కూడా పూర్తిగా దిగనివ్వలేదు. నేను ఫోన్ చేసి పాడుచేశానేమో అనుకోవడానికి కూడా లెక్క ఒప్పుకోలేదు. ఫోన్ మోగేటప్పటికే ఆయన ఇంటిదారిలో ఉన్నాడు.

లోపలికి రాలేదు. నేను లేచేదాకా మెట్టు మీదే నిలబడ్డాడు. లేచాక వచ్చి, దీపం వత్తి కాస్త ముందుకు జరిపి, పరుపు మీద కూర్చుని, మేనమామతో బేరం నేను ఆపిన చోటు నుంచి అందుకున్నాడు. గుడ్డసంచి మెడలో అలాగే ఉంది.

దుకాణం కట్టేశాక స్టూలు వేసుకున్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"మబ్బులు పట్టినయా మామా?"

"లేవు. అద్దం లెక్క ఉన్నది."

"మరి?"

చేతికి గిన్నె అందలేదు. షట్టర్ మీద కణుపుతో కొట్టాడు. అది చాలాసేపు అదిరింది. "బుధుడు గంతే అల్లుడా. సూర్యున్ని ఇడిచి గింత దూరం పోతడు. ఇగ పోతాండు అనుకుంటవు. అక్కడికెళ్లి మల్ల ఎనక్కి తిరుగుతడు."

"నేనడిగింది బుధున్ని కాదు, నిన్ను."

మెడలోని గుడ్డసంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత గల్లీ అంతటికీ తెలిసినా ఎవరమూ ఎత్తని మాట ఆయనే ఎత్తాడు. "మీ అత్త పోయింది గీ యాళ్లకే."

అత్త అంటే ఆయన భార్య. దవాఖానలో ఉండేది, మా బజారు నుంచి దగ్గరే. ఆయన పొద్దున పోయేవాడు, మధ్యాహ్నం పోయేవాడు. ఆమె పోయిన సాయంత్రం మాత్రం గల్లా మీద ఉన్నాడు. మా బజారులో కొందరు ఆయన్ని కసాయి అన్నారు, కొందరు నిష్ఠాపరుడన్నారు. రెండూ మెల్లగానే అన్నారు.

"ఫోన్ వచ్చింది. జల్ది రమ్మన్నరు. దీపం యాళ్ల గడవనియ్, పోదమనుకున్న. లేవద్దని గదా మా నాయన చెప్పింది. లేవరాదు, గందుకే లేవలే. గట్లనే అనుకుంట ఇన్నొద్దులు ఎల్లదీసిన. ఇయ్యాల ఒక చుక్క కోసం లేసిన. ఆటో ఎక్కిన. బ్రిడ్జి ఎక్కిన. దుకాణం కాలిపోలే, ఏం కాలే. అంటే లేవొచ్చన్నట్టే గదా అల్లుడా. ఎప్పుడన్న లేవొచ్చు. గది తెలిసినంక ఆడ నిలవడబుద్ధి కాలే."

"ఇంకో దినం పోదువు తియ్" అన్నాను. నా నోటికి ఆ పూట అంతకన్నా మంచిది రాలేదు.

"వద్దు. నేను లేవరానోన్నే. గట్లనే ఉండనియ్."

మర్నాడు పొద్దున నేను షాపు తెరిచేసరికి కాగులన్నీ లోపల ఉన్నాయి. సరుకు వాడుకోకుండానే ధర చెల్లించాడు. నేను వద్దనలేదు.

ఆ తర్వాత ఆయన గ్రహాల మాట మానలేదు. గురుడు వస్తూనే ఉన్నాడు, శని నా ట్యాంకు వెనక ఇరుక్కుంటూనే ఉన్నాడు. బుధుడి పేరు మాత్రం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సాయంత్రాలు ఎదురెదురుగా కూర్చున్నాం. ఇప్పుడు కాగులు అడ్డం లేవు కాబట్టి ఆయన నాకు మొత్తంగా కనపడేవాడు. దీపం పక్కన, చేతులు ఒడిలో పెట్టుకుని, ఎవరో తాళం వేసి పోయినట్టు.

వాట్సాప్‌లో ఆ ముక్క చూసిన రోజు, సాయంత్రం గిరాకీ వేళ, నేను కాజీపేట పోయాను. బ్రిడ్జి మీద నిలబడి పిడికిలి చాపాను. పట్టాలు ఎర్రగా మెరిసి నల్లబడ్డాయి. అంచుకు పిడికిలెత్తున, వెలిసిన గోధుమరంగులో, ఒక చిన్న చుక్క. శుక్రుడిలా కళ్లలోకి రాదు, వెతికి పట్టుకోవాలి. చూపు పక్కకు పోతే మళ్లీ వెతుక్కోవాలి. షాపు నుంచి ఫోన్ మోగింది. ఎత్తి ఒక చీర ధర చెప్పాను. తలెత్తేసరికి చుక్క మసకలో కలిసిపోయింది.

ఇక లెక్క, దాచకుండా. ఆ సీజన్‌లో పోయిన పెళ్లి గిరాకీ తర్వాత వేరే రూపంలో వచ్చింది, అది కొట్టేయండి. నా అద్దం ముందు తెరిపి దొరికింది, ముట్టిందని ఒప్పుకుంటున్నాను. బుధుణ్ణి చూడాల్సింది ఆయన, చూసింది నేను. మిగిలిందొక్కటి. దవాఖాన నుంచి ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం కూడా నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని లేచి నిలబడటం, దీపం వైపు చూడటం, మళ్లీ కూర్చోవడం, కాగుల సందులోంచి చూశాను. ఏం జరిగిందో నాకు అర్థమైంది. రోడ్డు దాటి, 'లే మామా, నేను కూసుంట' అనాలి. అంతే. నా చేతుల మీద ఒకామె కోసం విప్పిన చీర ఉంది, ఆమె కొంగు చూపించమంటోంది. ఆ మాట నేను ఆయనకు చెప్పింది ఏళ్ల తర్వాత, ఒక చుక్క కోసం, షరతు పెట్టి.

కొంగు చూపించాను. ఆమె చీర కొనుక్కుని పోయింది.